డి.ఎన్.ఏ.: కోత, కొలత, నకలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినపుడు, నేను భారతమునుండి యొక ఘట్టమునో, మనుచరిత్రమునుండి యొక వర్ణననో తీసికొందునని వారు తలంచియుందురు. ఇన్నేండ్లుగా నేను ఈ గ్రంథాలయమునుండి యింటికి తీసికొనిపోయిన పుస్తకములలో చాలభాగము కావ్యములే గనుక వారట్లు తలంచుట సహజము. నేడు నేను మాటలాడబోవు విషయము వేరు. ప్రాణుల కణములలో నుండు డి.ఎన్.ఏ. అను పదార్థమును శాస్త్రజ్ఞులు ఎట్లు కోయుదురు, ఎట్లు కొలుతురు, ఎట్లు నకళ్లు తీయుదురు అనునది నేటి విషయము.

నేను శాస్త్రజ్ఞుడను గాను. మా తాతతండ్రులు ఈ ఊరి కరణీకము చేసిరి. 1984లో ప్రభుత్వము ఆ పదవులను రద్దుచేసినది. నేను సహకార సంఘపు లెక్కలు వ్రాసికొనుచు కాలము గడపుచున్నాను. అయినను ఊరిలో ఏ కాగితము వచ్చినను 'కరణంగారికి చూపించండి' అను అలవాటు పోలేదు. ఆ అలవాటే నన్ను ఈ విషయమునకు ఈడ్చుకొనివచ్చినది. అది నాకు గౌరవము తెచ్చు వృత్తాంతము కాదు. అయినను దానిని చెప్పక తక్కిన ప్రసంగము చేయుట న్యాయము కాదు.

2013వ సంవత్సరపు వానకారున మన ఊరి రైతొకరు పత్తి వేసిరి. ఆయన ఈ సభలోనే యున్నారు. ఆయన యనుమతితోనే చెప్పుచున్నాను. పేరు మాత్రము చెప్పను. విత్తనపు సంచిపై బి.టి. పత్తి యని యుండెను. కాయ పట్టువేళకు శనగపచ్చపురుగు పడి చేను పాడయ్యెను. మిగిలిన గింజలను ఆయన తన అల్లునిచేత పట్టణమునందలి యొక పరీక్షాశాలకు పంపించిరి. కొన్ని దినములకు ఒక కాగితము వచ్చెను. నల్లని నేలపై తెల్లని గీతలుగల ఛాయాచిత్రము, దాని క్రింద ఆంగ్లమున నాలుగు పొట్టి మాటలు. అంతే. ఫలితము వ్రాసిన రెండవ పుట దారిలో ఎక్కడనో జారిపోయినది. ఆ కాగితము పట్టుకొని ఆయన నాయొద్దకు వచ్చి, 'కరణంగారూ, ఇందులో ఏముందో చూసి చెప్పండి' అనిరి.

నాకు తెలియలేదు. తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. రెండవ వరుసలో ఒక గీత మెరయుచు కనబడెను. 'గీత ఉన్నదిగదా, జన్యువు ఉన్నట్లే. విత్తనము మంచిదే, పురుగే గట్టిది' అని చెప్పితిని. ఆయన నమ్మిరి. ఫిర్యాదు మాట విడిచి, చేను పీకించి వేరుపంట వేసిరి. మరుసటి యేడు ఆయన అల్లుడు ఆ పరీక్షాశాలనుండి రెండవ ప్రతి తెప్పించెను. నేను చూచిన రెండవ వరుస ఆయన విత్తనము కాదు. అది సరిచూచుటకై పరీక్షాశాలవారే వేసికొనిన మంచి విత్తనము. ఆయన విత్తనము నాలుగవ వరుస. అందు గీతయే లేదు. అప్పటికి చేనిలో మొక్క లేదు, ఇంటిలో సంచి లేదు, చేతిలో గడువు లేదు.

ఆయన నన్ను నిందింపలేదు. 'మీకూ తెలియదని ఒక్కమాట చెప్పివుంటే పట్నం పోయి అడిగేవాణ్ణి కదండీ' అని మాత్రము అనిరి. ఆ మాట నన్ను చాలకాలము నిద్రపోనీయలేదు. నాటినుండి ఆ నాలుగు వరుసల భాష నేర్చికొనవలెనని పట్టుబట్టితిని. మన గ్రంథపాలకులు జిల్లా కేంద్ర గ్రంథాలయమునుండి పుస్తకములు తెప్పించి యిచ్చిరి. మన ఊరినుండి బి.ఎస్సీ. చదువబోయిన యిద్దరు ఆడపిల్లలు సెలవులకు వచ్చినపుడు నా సందేహములు తీర్చిరి. అట్లు నేర్చికొనిన దానినే మీకు వడ్డించుచున్నాను.

మొదట ఆ పదార్థము సంగతి. ప్రతి ప్రాణి శరీరమునందును కణములు కలవు. కణములో డి.ఎన్.ఏ. అను సన్నని దారము కలదు. అది రెండు పేటలుగా పురిపెట్టిన త్రాడువంటిది. మన భాషకు ఏబదికి పైగా అక్షరములు కావలసివచ్చినవి. ఈ దారమున వ్రాసిన వ్రాతకు నాలుగే అక్షరములు. వానిని ఏ, టి, జి, సి అని వ్యవహరింతురు. ఒక పేటలో ఏ ఉన్నచోట ఎదుటి పేటలో టి యుండును. జి యున్నచోట సి యుండును. ఈ నియమము తప్పదు. కావున ఒక పేట మన చేతిలో నున్నచో రెండవ పేటను వ్రాసికొనవచ్చును. అసలు ప్రతియు, దానినుండి నకలు తీయు విధానమును ఆ దారములోనే యిమిడియున్నవి. ఈ నిర్మాణమును 1953లో వాట్సన్, క్రిక్ అనువారు ప్రకటించిరి. అందులకు రోజలిండ్ ఫ్రాంక్లిన్ అను విదుషీమణి యెక్స్-కిరణములతో తీయించిన చిత్రము ముఖ్యాధారమయ్యెను.

మనుష్యుని పూర్తి వ్రాత ఒక ప్రతికి సుమారు 320 కోట్ల అక్షరముల జతలు. ఆ అక్షరములలో కొంతభాగము ఒక పనికి సంబంధించిన ఆజ్ఞగా నుండును. ఆ భాగమునే జన్యువందురు.

ఇది కంటికి కనబడునా యని మీరడుగవచ్చును. కనబడును. ఈ బల్లపైనున్న గాజు గ్లాసును చూడుడు. బాగుగ మాగిన అరటిపండును మెదిపి, కొంచెము ఉప్పును పాత్రలు తోము సబ్బు ద్రవమును కలిపిన నీటిలో మెల్లగ కలియబెట్టి, గుడ్డతో వడియగట్టితిని. సబ్బు జిడ్డును విడదీయునని మనకు తెలియును. కణము చుట్టునుండు పొర క్రొవ్వుతో చేయబడినదే గనుక సబ్బు దానిని చీల్చి లోపలి సరకును వెలికి తెచ్చును. పిదప మందుల దుకాణములో దొరకు స్పిరిటును మంచువలె చల్లబరచి, గ్లాసు అంచువెంట మెల్లగ పోసితిని. పైని తేలిన స్పిరిటులో తెల్లని దూదిపోగులవంటివి లేచుచున్నవి. అందు డి.ఎన్.ఏ. యున్నది. ఇతర పదార్థములును కొంత కలిసియుండును. శుద్ధి చేయుటకు ప్రయోగశాలలో మరికొన్ని మెట్లు కలవు. కాని తొలిమెట్టు ఇదియే. సభ ముగిసిన పిమ్మట పిల్లలు దగ్గరకు వచ్చి చూడవచ్చును.

ఇక కోత. ఇంత సన్నని దారమును కోరినచోట కోయుటకు మనుష్యుడు కత్తెర చేయలేదు. అది సూక్ష్మజీవులయొద్ద దొరికినది. బాక్టీరియాలకును శత్రువులు కలవు. వానిని పట్టి చంపు వైరసులున్నవి. వైరసు తన డి.ఎన్.ఏ.ను బాక్టీరియాలోనికి దింపగానే, బాక్టీరియా తనయొద్దనున్న ఎంజైమును పంపి దానిని తునకలు చేయును. తన సొంత దారముపై ముందుగనే గుర్తులు పెట్టుకొని యుండును గావున తన్ను తాను కోసికొనదు. స్విట్జర్లాండు దేశస్థుడైన వెర్నర్ ఆర్బర్ ఈ రహస్యమును వెదకి పట్టెను. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున హామిల్టన్ స్మిత్ 1970లో ఒక నిర్ణీతమైన మాటయొద్దనే కోయు ఎంజైమును వేరుపరచెను. ఆయన సహచరుడు డానియల్ నాథన్స్ ఆ కత్తెరతో ఒక వైరసు డి.ఎన్.ఏ.ను తునకలుగ కోసి, ఏ తునక యెచ్చటిదో పటము గీచెను. ముగ్గురికి 1978లో నోబెల్ బహుమానము లభించెను.

ఇట్టి కత్తెరలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఎకో-ఆర్-వన్ అనునది. ఇది దారము పొడవునను తడవుకొనుచు పోయి, జి-ఏ-ఏ-టి-టి-సి అను ఆరక్షరముల మాట కనబడినచోటనే కోయును. అందొక్క యక్షరము మారినను కోయకుండ సాగిపోవును.

ఈ మాటలో ఒక చమత్కారము కలదు. వికటకవి యను మాటను ఎటునుండి చదివినను ఒక్కటే యని మనము చిన్ననాడే విన్నాము. తిమ్మన పారిజాతాపహరణమున చేసిన చిత్రకవిత్వమును మీలో కొందరు చదివియుందురు. ఇక్కడి చిత్రము రెండు పేటలకు సంబంధించినది. పైపేటలో ఎడమనుండి కుడికి జి-ఏ-ఏ-టి-టి-సి. ఎదురుగా క్రిందిపేటలో సి-టి-టి-ఏ-ఏ-జి. ఈ రెండు పేటలు ఒకదాని కొకటి యెదురు దిక్కుగ నడచునవి గావున, క్రిందిపేటను కుడినుండి ఎడమకు చదువవలెను. అట్లు చదివినచో మరల జి-ఏ-ఏ-టి-టి-సి యే వచ్చును. కత్తెర రెండు పేటలలోను జి తరువాతనే కోయును. కోత తిన్నగ పడక మెట్టుగ పడును. ప్రతి తునక కొనయందును నాలుగక్షరములు జతలేక వ్రేలాడుచుండును. వానిని జిగటకొనలందురు. ఇదే కత్తెరతో కోసిన మరియే తునక యెదురైనను, అది మనుష్యునిది కానిండు, మొక్కది కానిండు, ఈ కొనలు ఒండొంటిని పట్టుకొనును.

ఈ మాట ఎన్ని యక్షరముల కొకసారి తటస్థించును? ఇది లెక్క. ఆరు స్థానములలో ఒక్కొక్కటికి నాలుగు అవకాశములు. నాలుగును ఆరుమారులు హెచ్చవేసిన 4,096. అనగా సగటున 4,096 అక్షరముల కొక కోత. ఇక లాంబ్డా యను వైరసును తీసికొందము. దాని డి.ఎన్.ఏ. పొడవు 48,502 జతలు. మన లెక్క ప్రకారము సుమారు పండ్రెండు కోతలు పడవలెను. నిజముగ పడునవి ఐదే. ప్రకృతి పాచికలు వేసి వ్రాయలేదు గనుక సగటులెక్క ఆశ చెప్పును గాని ఆస్తి చెప్పదు. ఐదు కోతలకు ఆరు తునకలు.

ఆ తునకలను కొలుచుట యెట్లు? ఇందులకు జెల్లు అను సాధనము కలదు. సముద్రపు నాచునుండి తీసిన అగరోసు అను పొడిని నీటిలో మరగించి, పళ్లెములో పోసి ఆరనిచ్చినచో లేత తాటిముంజవలె గట్టిపడును. ఒక అంచున దువ్వెనవంటి దానిని గ్రుచ్చి తీయగా చిన్న చిన్న గుంటలు పడును. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క నమూనా పోసి, దానిని ఉప్పునీటివంటి ద్రవములో ముంచి విద్యుత్తు పంపుదురు. డి.ఎన్.ఏ.కు ఋణవిద్యుదావేశము కలదు గావున అది ధనధ్రువమువైపు పరుగిడును. ఆ ముంజలో కంటికి కనబడని వలకన్నులు కలవు. కంపలో దూరిన పిల్లకోడి చురుకుగ సాగిపోవును, పెద్దకోడి చిక్కుకొనును. అట్లే చిన్నతునకలు దూరము పోవును, పెద్దవి వెనుక నిలుచును. ఒక పొడవుగల తునకలన్నియు ఒక్కచోట గుమిగూడి గీతగ నేర్పడును. రంగుపదార్థము పట్టించి నీలలోహితాతీత కాంతిలో చూచినచో ఆ గీతలు మెరయును. ప్రక్కనే ఒక వరుసలో పొడవులు ముందే తెలిసిన తునకలను వేయుదురు. దానిని నిచ్చెన యందురు. మనము పొలము కొలుచుటకు గొలుసు పట్టినట్లు, ఆ నిచ్చెనతో పోల్చి తక్కిన గీతల పొడవు చెప్పుదురు.

లాంబ్డా తునకలు ఆరింటి పొడవులు ఇవి: 21,226, 7,421, 5,804, 5,643, 4,878, 3,530. నేను దీనిని పుస్తకమున చూచినపుడు, అలవాటు చొప్పున పెన్సిలు తీసి కూడితిని. మొత్తము 48,502 వచ్చినది. ఒక్క యక్షరము పోలేదు. నాకప్పుడు కలిగిన సంతోషము చెప్పలేను. ఇది మంత్రము కాదు, కూడి చూచుకొనదగిన లెక్క యని నా మనస్సు కప్పుడు నిలకడ చిక్కినది. జెల్లుపై చూచిన కొలత అంచనా మాత్రమే. ఒక్కొక్క యక్షరముగ చదువు విధానమును ఇంగ్లండున ఫ్రెడరిక్ సాంగర్ 1977లో ప్రకటించి, 1982లో తన బృందముతో లాంబ్డాను మొదటినుండి తుదివరకు చదివెను. ఖచ్చితమైన సంఖ్య అట్లు వచ్చినది.

ఇందొక మెలకువ కూడ కలదు. 5,804, 5,643 అను తునకలు పొడవున దగ్గరదగ్గరవి. జెల్లు చాలినంతసేపు నడువనిచో ఆ రెండును ఒక్క గీతగనే కనబడును. అప్పుడు కూడినచో మొత్తము తక్కువ పడును. మొత్తము తక్కువ పడినపుడు, దారము పోయినదని తలంపరాదు. ఒక గీత క్రింద రెండు దాగియున్నవేమో చూడవలెను. రొక్కపు పుస్తకము సరిపడనపుడు ఒకే మొత్తముగల రెండు పద్దులను ఒక్కటిగ వ్రాసితిమేమోయని మనము వెదకునట్లే.

ఇక నకలు. కోసిన తునకను అధికము చేయు విధానములు రెండు కలవు. మొదటిది సజీవమైన విధానము. బాక్టీరియాలో దాని ప్రధానమైన డి.ఎన్.ఏ. గాక, గాజువంటి చిన్న వలయములు కొన్ని యుండును. వానిని ప్లాస్మిడులందురు. కత్తెరతో ఆ గాజును ఒక్కచోట కోసి, అదే కత్తెరతో కోసిన మన తునకను ఆ సందున నిలిపినచో జిగటకొనలు కలిసికొనును. ఆ కలయిక నిలుచుటకు లిగేసు అను ఎంజైముతో అతుకు వేయుదురు. ఈ అతికించు ఎంజైము 1967లో తెలియవచ్చినది.

ఈ గాజును బాక్టీరియాలోనికి పంపుటకు, కాల్షియము లవణముతో వానిని మంచుపై నుంచి, పిదప సుమారు ఒక నిముషము 42 డిగ్రీల వేడిలో పెట్టుదురు. ఆ యదురుపాటులో కొన్ని మాత్రమే గాజును లోనికి తీసికొనును. తీసికొననివి లక్షలు. వానిలో తీసికొనిన దానిని పట్టుట యెట్లు? ఆ గాజులో ఒక మందును తట్టుకొను జన్యువు ముందుగనే యుండునట్లు చూతురు. ఆ మందు కలిపిన ఆహారముపై అన్నింటిని చల్లినచో, గాజు లేనివి చచ్చును, ఉన్నవి బ్రదుకును. అమెరికాలో స్టాన్లీ కోయెన్, హెర్బర్ట్ బోయర్ అనువారు 1973లో ఇట్లే చేసిరి. టెట్రాసైక్లినును తట్టుకొను గాజులో, కానామైసినును తట్టుకొను తునకను అతికి, రెండు మందులకును చావని బాక్టీరియాను చూపిరి.

అనుకూలమైన ఆహారము, వేడిమి యున్నచో ఆ బాక్టీరియా సుమారు ఇరువది నిముషముల కొకసారి రెండగును. పదిగంటలలో ముప్పదిమారులు. ఒకటిని ముప్పదిమారులు రెట్టించిన 107 కోట్ల 37 లక్షల 41 వేల 824. చదరంగపు గడులలో గింజలడిగిన కథ మీకు తెలియనిది కాదు. ప్రతి బాక్టీరియాలోను మన తునక యొక్క నకలు. దీనినే జన్యువును క్లోను చేయుట యందురు. 1996లో పుట్టిన డాలీ అను గొఱ్ఱెను గూర్చి విన్నవారు, క్లోనింగనగా ప్రాణికి ప్రాణిని తయారుచేయుట యని తలంతురు. అది వేరు, ఇది వేరు. ఇక్కడ నకలగునది ఒక తునక మాత్రమే.

ఇచ్చటను సరిచూచుట తప్పదు. మందుకు చావలేదన్నచో గాజు చేరినదని మాత్రమే తెలిసినది. గాజు తనలో తానే మూసికొని, మన తునక లేకుండనే లోనికి పోయియుండవచ్చును. కావున ఆ గాజును మరల తీసి, మరల కోసి, మరల జెల్లుపై నడపి, గాజు పొడవును తునక పొడవును వేరువేరుగ కనబడినపుడే పని అయినదందురు.

రెండవ విధానము ప్రాణి యక్కరలేనిది. దానిని పి.సి.ఆర్. అందురు. 1983లో అమెరికా దేశస్థుడు కారీ మల్లిస్ దానిని ఊహించి, 1993లో నోబెల్ బహుమానమును పొందెను. చిన్న గొట్టములో డి.ఎన్.ఏ.ను సుమారు 95 డిగ్రీలకు వేడిచేసినచో రెండు పేటలు విడిపోవును. కొంత చల్లార్చినచో, మనము వేసిన ప్రైమరులను పొట్టి తునకలు, తమకు సరిపోవు చోటు దొరికినపుడు మాత్రమే, అతుకుకొనును. 72 డిగ్రీలయొద్ద ఒక ఎంజైము అచ్చటనుండి ఎదుటిపేటను వ్రాసికొని పోవును. ఒక్క ఆవృత్తికి ఒకటి రెండగును. ముప్పది ఆవృత్తులకు, అన్నియు చక్కగ సాగినచో, ఇందాకటి 107 కోట్ల లెక్కయే. అంత వేడికి చెడని ఎంజైము, అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గలలో దొరికిన బాక్టీరియానుండి వచ్చినది.

ఇప్పుడు ఆ రైతు కాగితమునకు వత్తము. బి.టి. యనునది నేలలో నుండు ఒక బాక్టీరియా పేరునకు సంక్షేపము. అది కొన్ని పురుగులను చంపు మాంసకృత్తును తయారుచేయును. ఆ జన్యువును 1981లో తొలిసారి వేరుచేసి క్లోను చేసిరి. తరువాత దానిని మార్చి పత్తిలో ప్రవేశపెట్టిరి. మన దేశమున 2002లో ఆ పత్తి సాగునకు అనుమతి వచ్చినది. విత్తనమున ఆ జన్యువు కలదా లేదా యని చూచుటకు, గింజను నూరి, డి.ఎన్.ఏ. తీసి, ఆ జన్యువునకే సరిపోవు ప్రైమరులతో పి.సి.ఆర్. జరిపి, జెల్లుపై నడపుదురు.

ఆ చిత్రమున మొదటి వరుస నిచ్చెన, అనగా కొలగొలుసు. రెండవ వరుస జన్యువు కలదని ముందే తెలిసిన విత్తనము. అందు గీత రానిచో పరీక్షయే చెడినదని అర్థము. మూడవ వరుస వట్టి నీరు. అందు గీత వచ్చినచో పరీక్షాశాలవారి చేతులో, పాత్రలో శుభ్రముగ లేవని అర్థము. నాలుగవ వరుస మన రైతు విత్తనము. రెండవదానిలో గీత వచ్చి, మూడవదానిలో రాక, నాలుగవదానిలోను రానందున, ఆ విత్తనమున ఆ జన్యువు కనబడలేదని సిద్ధాంతము. చూచితిరా, నాలుగు వరుసలలో మూడు తమ్ము తాము శంకించుకొనుటకు వేసికొనినవే. నేను మాత్రము నన్ను శంకించుకొనుటకు ఒక్క వరుస కూడ వేసికొనలేదు.

ఈ పరీక్ష చెప్పనిది కూడ కలదు. గీత వచ్చినచో జన్యువు కలదని మాత్రమే. పంట పండునని కాదు. వాన, నేల, ఎరువు ఆ జెల్లుపై కనబడవు. గులాబిరంగు కాయతొలుచు పురుగు కాలక్రమమున ఆ మాంసకృత్తును తట్టుకొను శక్తి సంపాదించినదని మన పత్తి రైతులకు చేదు అనుభవమే. కావున ఏ కాగితము చూచినను, ఇది యేమి చెప్పుచున్నది, యేమి చెప్పుటలేదు అని రెండు ప్రశ్నలు అడుగవలెను.

ఈ విద్యవలన మేలు జరుగలేదా? జరిగినది. చక్కెరవ్యాధివారికి వలయు ఇన్సులినును ఒకప్పుడు పందుల, పశువుల క్లోమములనుండి తీసెడివారు. 1978లో మనుష్యుని ఇన్సులిను జన్యువును కూర్చి బాక్టీరియాలో నుంచిరి. 1982లో అమెరికా ప్రభుత్వము ఆ మందును అనుమతించినది. కామెర్లలో నొక దారుణమైన తెగ హెపటైటిస్-బి. దాని టీకాను ఇట్టి విధానముననే హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వారు తయారుచేసి 1997లో విడుదల చేసిరి. మన వీధిలో ఇన్సులిను పొడుచుకొనువారి సంఖ్య మీరే యెరుగుదురు.

ఈ విద్యకు మూలపురుషులలో నొకరిని స్మరింపక ముగింపజాలను. హరగోవింద ఖొరానా 1922లో, నేడు పాకిస్తానులో నున్న పంజాబు ప్రాంతపు రాయ్‌పూర్ అను పల్లెలో జన్మించెను. తండ్రి పట్వారీ, అనగా మన కరణమువంటివాడు. నూరుగురు జనమున్న ఆ పల్లెలో చదువు వచ్చిన కుటుంబము దాదాపు అదొక్కటే. ఆ పట్వారీ పేదవాడైనను పిల్లలకు చదువు చెప్పించెను. ఆ కుమారుడు ఈ నాలుగక్షరముల భాషకు అర్థము తెలిసికొనినందుకు 1968లో మరియిద్దరితో నోబెల్ బహుమానమును పంచుకొనెను. 1970లో ఒక జన్యువును మొత్తము రసాయనములతో కూర్చి చూపెను. ఊరిలో అక్షరము తెలిసినవాడొక్కడే యున్నచో, వాని యక్షరము ఇంటిలో దాచుకొనుటకా, పదిమందికి పంచుటకా యను ప్రశ్నకు ఆ తండ్రి యొక విధముగ సమాధానము చెప్పెను. నేను 2013లో వేరొక విధముగ చెప్పితిని.

మరియొక సంగతి. అతుకు వేయు ఈ విద్య చేతికి వచ్చిన క్రొత్తలో, అందు మార్గదర్శి యైన పాల్ బెర్గ్, ఒక వైరసు డి.ఎన్.ఏ.ను బాక్టీరియాలో ప్రవేశపెట్టు ప్రయోగమును తానే నిలిపివేసెను. 1974లో ఆయనయు సహచరులును, కోయెన్, బోయర్‌లతో గూడి, ప్రమాద మెంతయో తేలువరకు కొన్ని ప్రయోగములను ఆపుడని బహిరంగముగ లేఖ వ్రాసిరి. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్ అనుచోట సుమారు 140 మంది కూడి, ఏ ప్రయోగమునకు ఎంత జాగ్రత్త కావలెనో తర్కించి నిర్ణయించిరి. లోకములో ఆ విద్య తెలిసినవారు వారే. ఆ వారే 'మాకింకను తెలియదు' అని పదిమందిలో చెప్పిరి. అందువలన వారి గౌరవము తగ్గలేదు.

నేను ఈ ఉత్సవ సందర్భమున గ్రంథాలయమునకు ఒక చిన్న కానుక తెచ్చితిని. ఇది ఒక చిఠ్ఠా పుస్తకము. దీనిని చదువుబల్లపై నుంచెదను. మీయొద్దకు వచ్చిన ఏ కాగితమైనను, భూమి పత్రము కానిండు, మందుచీటి కానిండు, విత్తన పరీక్ష కానిండు, అర్థము కానిచో దీనిలో వ్రాయుడు. ఎడమప్రక్క ప్రశ్న, తేదీ. కుడిప్రక్క సమాధానము, అది యెవరిని అడిగి, యే పుస్తకము చూచి తెలిసికొన్నామో ఆ వివరము, తేదీ. సమాధానము దొరకువరకు కుడిప్రక్క ఖాళీగ నుండవలెను. ఊహించి నింపరాదు. ఈ నియమము మొదట నాకు, తరువాత తక్కినవారికి.

మొదటి పద్దు నేనే వ్రాసితిని. అది నాలుగు వరుసల కాగితము. కుడిప్రక్క సమాధానము కూడ వ్రాసితిని. ఆలస్యముగ వ్రాసినట్లు తేదీయే సాక్ష్యము చెప్పును. ఆ రైతు సోదరుడు దానిని చదివి క్రింద సంతకము పెట్టిరి. రెండవ పద్దునుండి పుస్తకము మీది.